ముందు తోట, తర్వాతే అతిథి: విశాఖ మన్యంలో చెట్ల సాగు, ఊరి బస మొదలుపెట్టే పద్ధతి

"మాకు ఎకరంన్నర కాఫీ ఉంది. ఒక గది కడితే టూరిస్టులు వస్తారా?" పాడేరు, అరకు వైపు ఊళ్ల నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంది. విశాఖ నుంచి వచ్చే ప్రశ్న ఇంకొకటి: "కొండమీద కొంచెం భూమి తీసుకుని ఫామ్ స్టే పెట్టొచ్చా?" రెండోదానికి జవాబు రెండో మెట్టులో నాలుగు ముక్కల్లో చెప్తాను. మొదటిదానికి మాత్రం వరుసగా చెప్పాలి.

నా మాట ఒకటే. తోట నిలబడ్డాకే గది. తోట ఉన్న ఇంటికి అతిథి రాకపోయినా ఆ ఏడాది గడుస్తుంది. 2020లో రాకపోకలు ఆగిపోయినప్పుడు ఎవరికి గడిచిందో, ఎవరికి గడవలేదో కొండమీద అందరం చూశాం. మిరియం, పసుపు ఉన్నవాళ్లు సంతకు పోయారు. అప్పుచేసి గది కట్టినవాళ్లు తాళం వేసుకుని కూర్చున్నారు.

ఎకరం, రెండెకరాల వాలు భూమి ఉన్న కుటుంబాల కోసం, వాళ్లతో పనిచేసే మహిళా సంఘాలు, కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

## 1. మొక్క కొనకముందు చూసుకోవాల్సినవి

ముందు ఎత్తు. అరబికా కాఫీకి మన కొండల్లో సుమారు 900 మీటర్లు, ఆపైన ఉండాలి. అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు పై ఊళ్లు దీనికి సరిపోతాయి. ఘాట్ దిగువ ఊళ్లలో కాఫీ జోలికి పోవద్దు. అక్కడ జీడిమామిడి, పనస, సీతాఫలం, మామిడి వేసుకుని కింద కంద, పసుపు పెట్టుకోండి. ఇక్కడ చెప్పే గట్లు, నీడ, అతిథుల పద్ధతులు వాళ్లకూ పనికొస్తాయి.

తర్వాత నీళ్లు. ఏప్రిల్ నెలాఖరున గెడ్డలో (కొండవాగులో) నీళ్లుంటాయా? వర్షాకాలంలో చూసి లెక్కవేసుకోవద్దు. మొదటి రెండు వేసవుల్లో మొక్కకు బిందెతో పోయాల్సి వస్తుంది. ఆ బిందె మోసేది ఎవరో ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడుకోండి. చాలా ఇళ్లలో అది ఆడవాళ్ల నెత్తిమీద పడుతుంది, ఆ సంగతి ఎవరూ లెక్కలో రాయరు.

మూడోది ఉన్న చెట్లు. పోడు కోసం నరకగా మిగిలిన పనస, చింత, మద్ది, అడవి మామిడి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒక్కొక్కదానికీ సున్నం బొట్టు పెట్టండి. వాటిని కొట్టొద్దు. మీకు మూడేళ్ల సమయం మిగిల్చేది అవే.

## 2. భూమి, కాగితాలు

విశాఖ నుంచి అడిగేవాళ్లకు జవాబు: కుదరదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్, మనందరం 1/70 అనే చట్టం ప్రకారం, గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. అమ్మకమే కాదు, లీజు, తాకట్టు కూడా బదిలీ కిందికే వస్తాయి. గిరిజన మిత్రుడి పేరు మీద పెట్టి నడపడమూ తప్పే, రేపు మాట తేడా వస్తే నలిగిపోయేది ఆ మిత్రుడే. సాయం చేయాలనుంటే అతిథిగా వెళ్లండి, లేదా మిరియం, కాఫీ సరైన ధరకు కొనండి.

అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2006 చట్టం కింద వచ్చిన ఆ హక్కు వారసత్వంగా పిల్లలకు వస్తుంది, కానీ అమ్మడానికి, ఇంకొకరి పేర మార్చడానికి వీల్లేదు. పెళ్లయినవాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఆ భూమి సాగుకు, కాపురానికి ఇచ్చినది. అక్కడ కాటేజీల వరస కట్టాలనే ఆలోచన పెట్టుకోవద్దు. అతిథికి ఊళ్లో ఉన్న ఇంట్లోనే గది చూపించాలి.

2022 ఏప్రిల్ నుంచి పాడేరు, అరకు ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. పాత కాగితాల మీద విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. దరఖాస్తు పెట్టేటప్పుడు పాతపేరు, కొత్తపేరు రెండూ రాయండి. ఒక సంతకం కోసం రెండుసార్లు కొండ దిగే పని తప్పుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

□ పట్టా లేదా అటవీ హక్కు పత్రం నకళ్లు మూడు
□ ఆధార్, బ్యాంకు పుస్తకం (భార్య పేరు మీదదీ కలిపి)
□ హద్దులు తెలిసిన ఇద్దరు పెద్దలతో కలిసి నడిచి, ఫోనులో తీసిన ఫోటోలు
□ మొక్కల కోసం పాడేరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కాఫీ విభాగంలో పేరు నమోదు
□ గోతులు, కందకాలు ఉపాధి హామీ పనుల్లోకి వస్తాయేమో గ్రామసభలో అడిగిన తీర్మానం

## 3. వాలు కొలవడం: వెదురు చట్రం

అందరూ దాటేసే మెట్టు ఇదే. కంటి అంచనాతో గట్టు వేస్తే ఒకపక్క పల్లం వస్తుంది, మొదటి పెద్ద వానకు నీరంతా ఆ పక్కకే చేరి గట్టును కోసేస్తుంది. చట్రం తయారుకు అరపూట చాలు, ఖర్చు లేదు.

ఏడేసి అడుగుల వెదురు బద్దలు రెండు తీసుకోండి. పైకొసలు కలిపి కట్టండి. కింది కాళ్లు ఐదారడుగుల ఎడంగా ఉండాలి. నడుము ఎత్తులో అడ్డంగా ఇంకో బద్ద కట్టండి. పైముడి నుంచి ఒక దారం వేలాడదీసి, అడ్డబద్ద కిందికి దిగేలా దానికి గుప్పెడంత రాయి కట్టండి. చట్రం సిద్ధం.

ఇప్పుడు మధ్య గుర్తు పెట్టాలి. కొంచెం వాలుగా ఉన్న నేలమీద నిలబెట్టి, రెండు కాళ్ల దగ్గరా మేకులు దిగ్గొట్టండి. దారం అడ్డబద్దను ఎక్కడ తాకిందో బొగ్గుతో గీత గీయండి. చట్రాన్ని తిప్పి, ఎడమకాలు ఉన్నచోట కుడికాలు పెట్టండి. మళ్లీ గీత గీయండి. రెండు గీతలకూ సరిగ్గా నడుమ లోతుగా ఒక గాటు పెట్టండి. దారం ఆ గాటు మీద ఆగిందంటే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు.

ఇక పొలం అడ్డంగా నడవడమే. ఒక కాలు కదలనివ్వకుండా రెండో కాలిని పైకీ కిందికీ జరుపుతూ, దారం గాటు మీదికి వచ్చినచోట మేకు కొట్టండి. ఆ మేకు దగ్గర నుంచి మళ్లీ తిప్పండి. గాలి వీచే పూట ఈ పని పెట్టుకోవద్దు, రాయి ఊగుతుంది. ఉదయం ఏడులోపు ప్రశాంతంగా ఉంటుంది.

మేకుల వరస వెంట అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు, పదడుగుల పొడవున కందకాలు తవ్వండి. ఒకే పొడుగు కాలువలా తీయొద్దు, మధ్యమధ్య కట్టు వదలండి. కింది వరస కందకం పై వరసలో వదిలిన కట్టుకు ఎదురుగా రావాలి. నిలువుగా ఉన్న వాలులో 15 అడుగులకో వరస, తేలిక వాలులో 30 అడుగులకో వరస మేం వేసుకునే లెక్క. మట్టిని కింది పక్కకే వేసి గట్టు కట్టండి. గట్టుమీద కొండచీపురు దుబ్బులు నాటండి. అది మట్టిని పట్టి ఉంచుతుంది, రెండో ఏటి నుంచి చీపురుకట్టలూ వస్తాయి.

## 4. ఏ అంతస్తులో ఏమి

తోటను మేడలా ఊహించుకోండి. పైన సిల్వర్ ఓక్, పనస, ఉన్న అడవిచెట్లు. వాటి బోదెల మీద మిరియం తీగ. నడుమ కాఫీ, అక్కడక్కడా నిమ్మ, నారింజ, సీతాఫలం. కింద పసుపు, అల్లం, పిప్పలి.

ఎకరానికి లెక్క:

□ కాఫీ: 6 అడుగులకొకటి వేస్తే లెక్కకు 1,200 వస్తాయి. కందకాలు, బండలు, పండ్లచెట్లు పోను 1,000 మొక్కలకే సిద్ధం చేసుకోండి
□ సిల్వర్ ఓక్: మొదట 12 అడుగులకొకటి, సుమారు 300. కొమ్మలు కలిసేకొద్దీ పలచన చేస్తూ చివరికి 20 అడుగులకొకటి, వందకు కాస్త పైన
□ పనస: 8 నుంచి 10. మంచి చెట్టు ఎవరి పెరట్లో ఉందో ఊళ్లో అందరికీ తెలుసు, గింజ అక్కడి నుంచే తెచ్చుకోండి
□ గ్లైరిసీడియా కొమ్మలు: హద్దు పొడవునా. ఆకు నరికి కాఫీ పాదుల్లో వేయడానికి

మిరియం విషయంలో జాగ్రత్త. చివరిదాకా ఉంచబోయే చెట్లకే తీగ పెట్టండి. మేం మొదటిసారి అన్నిటికీ పెట్టేశాం. ఆరేళ్లకు నీడ ఎక్కువై చెట్లు తీయాల్సి వచ్చినప్పుడు, కాపుకొచ్చిన తీగతో సహా నరకలేక, ఉంచలేక నలిగాం. ఉంచే చెట్లకు ముందే సున్నం పట్టీ వేసుకుంటే ఈ బాధ ఉండదు.

తోటంతా సిల్వర్ ఓకే వేయడమూ తప్పే. పెరుగుదల చూసి ముచ్చటపడి చాలామంది అలాగే చేస్తున్నారు. దాని ఆకు తొందరగా కుళ్లదు, ఇంట్లోవాళ్లు తినే పండూ ఇవ్వదు. పది చెట్లకు రెండు మూడైనా పనసో, నేరేడో, మనదైన అడవిచెట్టో ఉండాలి.

పసుపు, అల్లం తవ్వి తీసే పంటలు. నిలువు వాలులో వేసి తవ్వితే మట్టంతా గెడ్డలో పడుతుంది. కందకాల పైపక్క, చదునుగా ఉన్న చోటే వేయండి.

## 5. నాటే వరుస

మొదటి ఏడు వేసవిలో కందకాలు, జూన్‌లో వాన పడగానే సిల్వర్ ఓక్, పనస, గ్లైరిసీడియా. ఖాళీ జాగాలో కంది, చోడి (రాగి), ఆగస్టు, సెప్టెంబరుల్లో రాజ్‌మా. ఇంటి తిండి, చేతిఖర్చు ఈ పంటల నుంచే రావాలి. వలిసెలు (నూనెగింజల పంట) వేసే అలవాటు ఉంటే పై మెట్టలో కొంచెం ఉంచండి. ఎందుకో పదో మెట్టులో చెప్తాను.

ముందునుంచీ చెట్లున్న వాలైతే రెండో ఏడే కాఫీ పెట్టుకోవచ్చు. బోడి వాలైతే నీడ చెట్టు ఒళ్లు చేసేదాకా, రెండు మూడేళ్లు ఆగాలి. ఆగలేక పెట్టినవాళ్ల మొక్కలు మొదటి వేసవికే ఆకు మాడి పోవడం ఎన్నిచోట్ల చూశానో.

కాఫీ గోతులు అడుగున్నర పొడవు, వెడల్పు, లోతుతో ఏప్రిల్, మే నెలల్లోనే తీసి ఎండనివ్వండి. పైమట్టి ఒకపక్కకు, అడుగుమట్టి ఇంకోపక్కకు వేయండి. తొలకరికి ముందు పైమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. నేల బాగా తడిశాక, ముసురు పట్టిన రోజు చూసి నాటండి.

మొక్క నాటేటప్పుడు:

□ ప్లాస్టిక్ సంచి పూర్తిగా చింపి తీయాలి. అడుగు చింపి మిగతాది వదిలేస్తే వేరు లోపలే చుట్టుకుంటుంది
□ తల్లివేరు అడుగున మెలిక తిరిగి ఉంటే, ఆ మెలిక మేర పదునైన కత్తితో కోసేయాలి
□ నర్సరీలో మట్టి ఎంతవరకు ఉందో గోతిలోనూ అంతవరకే
□ చుట్టూ కాలితో గట్టిగా అదమాలి, నీరు నిలిచే పల్లం ఉండకూడదు
□ ఊతకర్ర, దానికి వదులుగా ముడి
□ పాదులో ఎండుటాకు మందంగా, కాండానికి తగలకుండా

మిరియం తీగ చెట్టుకు ఉత్తరం లేదా ఈశాన్యం వైపు, మొదలుకు అడుగు దూరంలో నాటాలి. దక్షిణం వైపు పెడితే ఎండదెబ్బ తింటుంది. తీగ పాకేకొద్దీ నారతో చెట్టుకు కట్టుకుంటూ పోవాలి. ఆ పని మరిచిపోతే తీగ నేలమీదే తిరుగుతుంది.

## 6. తోటలో వచ్చే తిప్పలు, సరిచేసుకోవడం

పచ్చగా ఉన్న కాఫీ మొక్క ఉన్నట్టుండి వాడిపోవడం. కాండం తడిమి చూడండి. బెరడు మీద ఉబ్బెత్తు గీతలు చేతికి తగిలితే తెల్ల కాండం తొలుచు పురుగు. ఎండ తగిలే చోటే దీని జోరు ఎక్కువ, కాబట్టి నీడ పలచబడిన మూలలు ముందు చూడండి. తల్లి పురుగులు ఏప్రిల్, మేలలోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ ఎగురుతాయి. అందుకే మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి ప్రతి మొక్కా తడమాలి. సోకినదాన్ని వేరుతో పీకి ఊరికి తెచ్చి కాల్చేయాలి. "ఇంకో కాపు చూద్దాం" అని వదిలితే చుట్టూ పది మొక్కలు పోతాయి. బాగున్న మొక్కల కాండం, లావు కొమ్మల మీద రేగిన బెరడును గోనెపట్టాతో రుద్ది తీసేస్తే గుడ్లు పెట్టే చోటు దొరకదు. రుద్దాలి గానీ చెక్కకూడదు.

కాయ బొడ్డు దగ్గర సూదిమొనంత రంధ్రం. ఇది కాయ తొలుచు పురుగు. 2025లో అరకు వైపు బయటపడింది. కనబడితే దాచకండి. కాఫీ బోర్డుకో, ఐటీడీఏకో అదే రోజు చెప్పండి. ఆ మొక్కల కాయలన్నీ కోసి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ముంచి, పూడ్చేయాలి. కోత అయ్యాక చెట్టుమీద, నేలమీద ఒక్క కాయ కూడా మిగలకుండా ఏరడం అన్నిటికన్నా ముఖ్యం. రాలిన కాయే దాని ఇల్లు. ఈ పురుగు పాత గోనెసంచుల్లో, మనుషుల సామానులో ప్రయాణం చేస్తుంది. తోటలోకి అతిథిని రానిచ్చేవాళ్లం ఈ సంగతి మరువకూడదు.

మిరియం తీగ వారం రోజుల్లో నల్లబడి ఆకు రాల్చడం. ఇది వానాకాలంలో వచ్చే శీఘ్ర ఎండు తెగులు (క్విక్ విల్ట్). నీరు నిలిచిన చోట మొదలవుతుంది. ముందు నీరు పోయే దారి చేయండి. వానలకు ముందే 1 శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయాలి: మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 100 లీటర్లు. మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోయాలి, సున్నాన్ని అందులోకి కాదు. ఇనుప పాత్ర వాడొద్దు. సేంద్రియ సర్టిఫికెట్ ఉన్న సంఘమైతే ముందు మీ పరిశీలకుడిని అడగండి.

కాఫీ ఆకు ముదురుపచ్చగా, పెద్దగా ఉండి కాపు లేకపోవడం. నీడ ఎక్కువైంది. మిట్టమధ్యాహ్నం తోటలో నిలబడి నేల చూడండి. ఎండచుక్కలు, నీడ సగం సగంగా ఉండాలి. నేలంతా నీడే అయితే వానలకు ముందు కింది కొమ్మలు తీయండి.

పక్క పోడు మంట. ఫిబ్రవరి నుంచి మే దాకా భయం ఇదే. జనవరి చివరికల్లా హద్దు చుట్టూ పదడుగుల పట్టీ ఊడ్చి ఉంచండి. పక్కవాళ్లు ఏ రోజు కాలుస్తున్నారో తెలుసుకుని ఆ రోజు అక్కడే ఉండండి. గొడవ పడితే వచ్చే ఏడు చెప్పకుండా కాలుస్తారు.

## 7. కోత నుంచి సంత దాకా

కాఫీ నవంబరు నుంచి జనవరి దాకా పండుతుంది. ఎర్రగా పండినదే కోయాలి. ఒకే కొమ్మకు మూడు నాలుగు సార్లు తిరగక తప్పదు. పచ్చికాయ కలిపి దూసేస్తే ధర పడిపోతుంది.

కోసిన రోజే తొక్క తీయాలి. జిగురు పోవడానికి పప్పును (తొక్క తీసిన గింజలను) తొట్టెలో ఒకటి, ఒకటిన్నర రోజు ఉంచండి. మన కొండల్లో చలి ముదిరితే ఇంకొంచెం పడుతుంది, గడియారం కన్నా చెయ్యి నమ్మండి. గుప్పెడు తీసి కడిగి పిసకండి. జారకుండా గులకరాళ్లలా గరగర మంటే అయినట్టు. రాసి నడుమ ఒక కర్ర గుచ్చి లాగితే కన్నం పూడకుండా నిలిచినా అదే గుర్తు. అప్పుడు నాలుగు నీళ్లలో కడిగి, నేలకు ఎత్తుగా వలమీద ఆరబెట్టాలి. మంచు దిగకముందే కప్పాలి. తేమ 10 శాతానికి రావాలి.

తొక్క, జిగురు నీళ్లు గెడ్డలోకి వదలొద్దు. దిగువ ఊరివాళ్లు తాగే నీళ్లవి. గుంత తీసి అందులోకి పంపండి. తొక్కను పేడతో కలిపి కుప్ప వేస్తే వచ్చే ఏటికి ఎరువు.

అమ్మేచోట గిరిజన సహకార సంస్థ ధర, ఐటీడీఏ ద్వారా వచ్చే ధర, సంతలో వ్యాపారి ధర మూడూ అడిగి, తూకం ఎదుట ఉండి ఇవ్వండి.

## 8. అతిథికి ముందు ఊరి తీర్మానం

తోట మూడు కాపులు ఇచ్చాక గది గురించి ఆలోచించండి. అప్పుడు కూడా మొదటి పని సున్నం, పరుపు కాదు. ఊరంతా కూర్చోవడం.

ఒక ఇల్లే అతిథుల్ని పెట్టుకుని డబ్బు చేసుకుంటే, ఆ ఊళ్లో రెండో ఏటికే మాటలుండవు. దారి అందరిదీ, గెడ్డ అందరిదీ, అతిథి చూడటానికొచ్చే కొండ అందరిదీ. కాబట్టి ఈ ప్రశ్నలకు జవాబులు గ్రామసభ పుస్తకంలో రాసుకోండి:

□ ఏ ఇళ్లు, ఏ వంతున? (రెండు మూడు ఇళ్లతో మొదలుపెట్టండి)
□ వారంలో ఎన్ని రోజులు, ఒకసారికి ఎంతమంది? (ఆరుగురు దాటొద్దు)
□ అతిథి వెళ్లకూడని చోట్లు ఏవి? (గుడిచెట్టు, శ్మశానం, ఊట)
□ ఇటుకల పండగ, కొత్తల (కొత్త పంట పండగ) రోజుల్లో బస ఉంటుందా? ఉండదా?
□ ఊరి నిధికి ఎంత శాతం, దాన్ని ఎవరు ఖర్చు పెడతారు?
□ భూమి లేని ఇళ్లకు, ఒంటరి ఆడవాళ్లకు ఏ పని?

చివరి ప్రశ్న మీద ఎక్కువసేపు కూర్చోండి. అడ్డాకుల విస్తళ్లు, చీపుర్లు, చోడిపిండి, మొక్కల నర్సరీ, పక్కబట్టలు ఉతకడం, దారి చూపడం, ఇవన్నీ భూమి లేనివాళ్ల చేతికే ఇవ్వాలని రాసుకోండి. కోందు, పోర్జ, గదబ తెగల కుటుంబాలు సభలో వెనక కూర్చుని మాట్లాడరు. సభ అయ్యాక వాళ్ల గడపకు వెళ్లి, వాళ్ల భాష వచ్చిన మనిషితో మళ్లీ అడగండి.

థింసా నాట్యం గురించీ అప్పుడే తేల్చండి. అతిథి అడిగినప్పుడల్లా ఆడటం కుదరదని మా సంఘంలో అప్పలందరూ (అక్కలందరూ) ఒక్కమాట మీద నిలబడ్డారు. నెలకు ఒక పున్నమి రోజు ఊరికోసం ఆడతారు, ఆ రోజు ఉన్న అతిథి చూస్తాడు. డప్పువాళ్లకు, ఆడినవాళ్లకు ఊరి నిధి నుంచి డబ్బు వెళ్తుంది.

## 9. గది, దొడ్డి, నీళ్లు, వంట

కొత్త గది కట్టకండి. ఉన్న ఇంట్లో ఒక గదికి గాలి, గొళ్లెం, దోమతెర చాలు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్ స్టే పథకంలో ఒక ఇంటికి ఆరు గదుల దాకా ఒప్పుకుంటారు, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. మనకు ఒకటి రెండు చాలు.

మరుగుదొడ్డి మీద మాత్రం ఖర్చు తగ్గించొద్దు. రెండు గుంతల పద్ధతిలో, ఊటకు, బావికి దిగువన, బాగా దూరంగా కట్టాలి. ఊటకు ఎగువన కడితే ఆ నీళ్లు తాగేది మన పిల్లలే.

నీళ్లు కాచి చల్లార్చినవే. వంట ఇంట్లో తినేదే: చోడి అంబలి, సామ అన్నం, రాజ్‌మా కూర, చిక్కుడు, గుమ్మడి, పనసకాయ. దిగువ నుంచి పన్నీరు, నూడుల్స్ మోసుకురావద్దు. బొంగు చికెన్ అడుగుతారు. పచ్చి బొంగు సొంత పొదలోంచే కొట్టండి, లేత పిలకలు ముట్టొద్దు. ఒకసారి వాడిన బొంగు మళ్లీ పనికిరాదు. వారానికి ఒక్క పూటే చేస్తామని ముందే చెప్తే పొద మిగులుతుంది.

□ డబ్బు తీసుకుని భోజనం పెడుతున్నారు కాబట్టి ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) రిజిస్ట్రేషన్
□ పర్యాటక శాఖలో హోమ్ స్టే నమోదు
□ అతిథుల పుస్తకం: పేరు, ఊరు, ఫోను, గుర్తింపు కార్డు నకలు
□ విదేశీయులు వస్తే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాల ఫారం
□ పాముకాటు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరు, దూరం గోడమీద పెద్ద అక్షరాల్లో
□ 108కి సిగ్నల్ దొరికే చోటు ఊళ్లో అందరికీ తెలిసి ఉండటం

## 10. ధర, రోజు

ధర అంచనాగా చెప్పకండి. కాగితం మీద వేయండి. ఉదాహరణకు నలుగురు అతిథులు, ఒక రాత్రి, మనిషికి 1,200 రూపాయలు. మొత్తం 4,800.

□ సరుకులు 1,100
□ కట్టెలు, సబ్బు, దీపం 250
□ వంటకు ఇద్దరు ఆడవాళ్ల కూలి 700
□ దారి చూపిన మనిషికి 600
□ పక్కబట్టలు ఉతికినందుకు 200
□ ఊరి నిధి, పదో వంతు 480
□ పరుపు, దొడ్డి మరమ్మతుకు పక్కన పెట్టేది 500
□ ఇంటికి మిగిలేది 970

ఇప్పుడు నూటికి ఇరవై తీసుకునే మధ్యవర్తి ద్వారా అతిథి వచ్చాడనుకోండి. అతనికి 960 పోతుంది. ఇంటికి మిగిలేది 10 రూపాయలు. అందుకే మొదటి ఏడాది అతిథులు తెలిసినవాళ్ల ద్వారానే రావాలి, ఫోను నంబరు ఊళ్లో చదువుకున్న అమ్మాయి చేతిలో ఉండాలి. వంట కూలి వంటచేసిన మనిషి ఖాతాలోకే వెళ్లాలి, "మా ఇంట్లో ఆడవాళ్లే కదా" అని కలిపేయకండి.

ఇక అసలు చిక్కు. కాఫీ పండేదీ నవంబరు నుంచి జనవరే, మంచు చూద్దామని విశాఖ నుంచి బళ్లు ఎక్కేదీ ఆ నెలల్లోనే. మా మొదటి డిసెంబరులో ఒక ఆదివారం పదకొండు మంది వచ్చారు. ఇంటిల్లిపాదీ వంటలో పడ్డారు. సాయంత్రానికి తోటలోకి వెళ్తే పండిన కాయ నేలంతా రాలి ఉంది. ఒక పెదమ్మ చీరకొంగులోకి ఏరుకుంటూ, "ఈలు పండు సూడ్డానికొచ్చినారు బావూ, పండు మనకోసం ఆగదు గదా" అంది. ఆ మాట తర్వాతే వంతులు పెట్టాం. అతిథులు శని, ఆదివారాల్లో మాత్రమే. ఈ వారం బస ఉన్న ఇంటి తోటను పక్క రెండిళ్లవాళ్లు కోస్తారు, వచ్చే వారం వీళ్లు వాళ్లది కోస్తారు. బదులు కోతకు రాలేకపోతే ఆ కూలిని బస డబ్బులోంచి ఇస్తాం.

అక్టోబరు, ఫిబ్రవరి నెలల్లో బస ఇంకొంచెం ఎక్కువ తీసుకోవచ్చు. అక్టోబరులో కోత ఉండదు, వలిసెల పువ్వు కొండంతా పసుపు పరుస్తుంది. మెట్టమీద కొంచెం ఉంచమన్నది అందుకే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు బస పెట్టవద్దు. ఘాట్‌లో కొండచరియలు, ఊళ్లో మలేరియా.

తోటలోకి వెళ్లేముందు:

□ చెప్పుల మట్టి గడపదగ్గరే బ్రష్‌తో దులిపించాలి
□ బయటి తోటలకు వెళ్లొచ్చిన సంచి లోపలికి రాకూడదు
□ కాఫీ కాయ జేబులో పెట్టుకుని పోకూడదు, తేకూడదు
□ ఒక వరస చూపించి, పండు మాత్రమే కోయమని పది నిమిషాలు నేర్పాలి
□ ఫోటోకు ముందు ఆ మనిషిని అడగాలి, పిల్లలైతే వాళ్ల అమ్మను
□ చలిమంట ఊరి నడుమ బండమీదే, తోటలో కాదు

## 11. అతిథులతో వచ్చే తిప్పలు

చివరి నిమిషంలో రామంటారు. సరుకులు తెచ్చాక అలా అంటే నష్టం మనదే. సగం డబ్బు ముందుగా వేయించుకోండి. రెండు రోజుల ముందు చెప్తే తిరిగి ఇస్తామని చెప్పండి, చెప్పినట్టు ఇవ్వండి.

మందు తెస్తారు. ఫోనులోనే వద్దని చెప్పాలి, వచ్చాక కాదు. జీలుగు కల్లు అడిగితే ఊరి తీర్మానం ఏదో అదే చెప్పండి.

ప్లాస్టిక్ వదిలిపోతారు. వచ్చేటప్పుడే ఒక గోనెసంచి చేతికిచ్చి, వెళ్లేటప్పుడు నింపి బండిలో పెట్టించండి. కొండమీద దాన్ని తీసుకెళ్లే బండి లేదు.

"ఇంకొంచెం తగ్గించండి" అంటారు. పైన వేసిన కాగితాన్నే గోడకు అంటించండి. ఎవరి కూలి తగ్గించాలో వాళ్లనే చూపించమనండి. మా దగ్గర ఆ కాగితం అంటించాక బేరం ఆగింది.

పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు పంచుతారు. మంచి మనసుతోనే చేస్తారు, కానీ నెల తిరిగేసరికి పిల్లలు బడి మానేసి బండికి ఎదురెళ్తారు. ఇవ్వాలనుంటే బడికి నోటుపుస్తకాలు ఇమ్మని చెప్పండి, పంతులు చేతికి.

ఒక ఇంటికే అందరూ ఫోన్ చేస్తారు. ఆ ఇంటి వంట బాగుండవచ్చు. అయినా వంతు మార్చొద్దు. మిగతా ఇళ్ల అప్పలను రెండు పూటలు ఆ వంటింట్లో కూర్చోబెట్టండి. మా ఊళ్లో రాజ్‌మా కూర ఒకటే మూడిళ్లలో ఒక్క రుచికి రావడానికి ఒక చలికాలమంతా పట్టింది.